27 కిలోలు తగ్గాక మొదలైన తుంటి, నడుము నొప్పుల గురించి

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ వయసు 46, ఉద్యోగం బడిలో పాఠాలు చెప్పడం. అన్నం బాగా తగ్గించి, రాత్రి భోజనం మానేసి, రోజూ ఉదయం గంటన్నర నడిచి పది నెలల్లో 94 కిలోల నుంచి 67 కిలోలకు వచ్చారు. మోకాళ్ల నొప్పులు పోయాయి, ఆయాసం పోయింది, షుగరు మాత్రల మోతాదును డాక్టరుగారు తగ్గించారు. కానీ మూడు నెలలుగా కుడి తుంటి పక్కన నొప్పి ఉంది. ఆ పక్కకు తిరిగి పడుకుంటే నిద్ర పట్టడం లేదు. చెక్క కుర్చీలో అరగంట కూర్చుంటే పిరుదుల కింద, తోక ఎముక దగ్గర సలుపు వస్తోంది, సాయంత్రానికి నడుము పట్టేస్తోంది. ఎముకలు గుల్లబారిపోయాయని ఇంట్లోవాళ్లు భయపెడుతున్నారు, మళ్లీ కాస్త బరువు పెరిగితే నయమేమో అని మీకు అనిపిస్తోంది.

పెరగవద్దు. ఫిజియోథెరపిస్టుగా 22 ఏళ్లుగా నడుము, తుంటి నొప్పులతో వచ్చేవారినే ఎక్కువగా చూస్తున్నాను కాబట్టి ఈ మాట నమ్మకంగా చెప్పగలను. మోకాలి అరుగుదల ఉన్నవారిపై చేసిన ఒక పరిశీలనలో, శరీరం బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలిపై పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని తేలింది. ఆ లెక్కన మీ మోకాలు ఇవాళ అడుగడుగునా 100 కిలోలకు పైగా తక్కువ భారం మోస్తోంది. అంత కష్టపడి దించుకున్న బరువును మళ్లీ ఎత్తుకోవలసిన పని లేదు. బరువు తగ్గడం మీరు చేసిన తప్పు కాదు. కొవ్వుతోపాటు కండ కూడా కరిగింది, కరిగిన కండను మళ్లీ కట్టుకునే పని మిగిలిపోయింది. మీ నొప్పుల్లో ఎక్కువ భాగం అక్కడి నుంచే పుడుతోందని మీరు రాసిన తీరును బట్టి నా అంచనా.

అయితే ఈ సమాధానమంతా కావాలని, ప్రయత్నించి బరువు తగ్గినవారికే వర్తిస్తుంది. తిండి మామూలుగా తింటూనే, ఏ ప్రయత్నమూ లేకుండా బరువు పడిపోతూ నడుము నొప్పి కూడా వస్తున్నవారు దీన్ని చదివి వ్యాయామాలు మొదలుపెట్టకూడదు. వెన్నెముకకు పట్టే క్షయ మన దగ్గర ఇప్పటికీ ఉంది. సాయంత్రం పూట సన్నటి జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి లేకపోవడం, విశ్రాంతి తీసుకున్నా తగ్గని నడుము నొప్పి దాని లక్షణాలు. ఎముకలకు పాకిన క్యాన్సరూ ఇలాగే బయటపడవచ్చు. షుగరు ఉన్నవారిలో మరో నరాల జబ్బు ఉంది. ఒక పక్క తుంటిలో, తొడలో భరించలేని నొప్పితో అది మొదలవుతుంది, కొన్ని వారాల్లో తొడ కండ కరిగిపోతుంది, బరువూ తగ్గుతుంది. అది ఆహార నియమం వల్ల వచ్చిన నీరసమేనని పొరబడి నెలల తరబడి ఇంట్లోనే ఉండిపోయినవారిని చూశాను. మీకు షుగరు ఉంది కాబట్టి, కుర్చీలోంచి లేచేటప్పుడు గానీ మెట్లెక్కేటప్పుడు గానీ ఒక కాలు మడత పడిపోతున్నట్టు ఉంటే మిగతా సమాధానం పక్కన పెట్టి ముందు డాక్టరుకు చూపించుకోండి.

నా దగ్గరికి వచ్చినవారిని మొదట అడిగేది ఒక్కటే: నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి. "తుంటి నొప్పి" అంటూ ఒకరు నడుము కింద చూపిస్తారు, ఒకరు పక్కన, ఒకరు గజ్జలో, ఇంకొకరు పిరుదు మధ్యలో. ఒకే పేరుతో పిలిచే ఈ నాలుగు నొప్పులకూ కారణాలు వేరు, చేయవలసినవీ వేరు. మీరు రాసినదాన్ని బట్టి మీకు మూడు చోట్ల మూడు నొప్పులు ఉన్నాయి. వాటిని కలిపి ఒకే జబ్బుగా చూడటం వల్లే భయం పెద్దదవుతోంది.

మొదటిది తుంటి పక్కన వచ్చేది. నిలబడి అరచేతిని నడుము పక్క నుంచి కిందికి జార్చితే తొడ మొదట్లో చేతికి ఒక ఎముక బుడిపె తగులుతుంది. పిరుదు పక్క కండరాల చివర ఉండే స్నాయువులు, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాళ్లలాంటివి, ఆ బుడిపెకే అతుక్కుని ఉంటాయి. ఒంటికాలి మీద నిలబడినప్పుడు నడుము ఒక పక్కకు ఒరిగిపోకుండా పట్టి ఉంచేవి ఆ కండరాలే. నడకలో ప్రతి అడుగూ ఒక క్షణం ఒంటికాలి మీద నిలబడటమే కాబట్టి గంటన్నర నడిస్తే అవి కొన్ని వేలసార్లు పనిచేస్తాయి. మీరు తిండి తగ్గించిన కాలంలోనే ఆ కండరాలకు ఇంత పని పెంచారు. కండ సన్నబడుతూ ఉండగా పని రెట్టింపైతే దాని తాడు నొచ్చుకుంటుంది. 40 దాటిన స్త్రీలలో, ముఖ్యంగా నెలసరి ఆగే వయసులో, ఈ నొప్పి మామూలుగానే ఎక్కువ. దానికి తోడు ఇంతకు ముందు ఆ బుడిపె మీద మెత్తలా ఉన్న కొవ్వు కరిగిపోయింది కాబట్టి, పక్కకు తిరిగి పడుకుంటే ఇప్పుడు ఎముకకూ పరుపుకూ మధ్య నలిగేది ఆ నొచ్చిన తాడే.

ఈ నొప్పికి చాలామంది చేసే పనులు దాన్ని పెంచుతాయి. నొప్పి ఉన్న కాలిని రెండో కాలి మీదుగా అడ్డంగా లాగి సాగదీయడం అందులో మొదటిది. అలా సాగదీసినప్పుడు ఆ తాడు బుడిపె మీదికి ఇంకా గట్టిగా నొక్కుకుంటుంది. ఆ క్షణానికి హాయిగా ఉన్నా రాత్రికి నొప్పి తిరగబెడుతుంది. బుడిపె మీదే గట్టిగా నూనె పెట్టి మర్దన చేయించుకోవడమూ అంతే. మీరు బల్లకు ఆనుకుని గానీ బోర్డు ముందు గానీ బరువంతా ఒక కాలి మీద వేసి, తుంటిని పక్కకు వాల్చి నిలబడతారా అని ఒక రోజంతా గమనించుకోండి. టీచర్లలోనూ, దుకాణాల్లో నిలబడి పనిచేసేవారిలోనూ ఈ అలవాటు ఎక్కువగా చూస్తుంటాను. రెండు కాళ్ల మీద సమంగా నిలబడటం, కాలు మీద కాలు వేసుకుని కూర్చోకపోవడం అన్న రెండు మార్పులతోనే కొందరికి రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది. పడుకునేటప్పుడు నొప్పి లేని పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య నుంచి చీలమండ దాకా వచ్చేలా ఒక మందపాటి దిండు పెట్టుకోండి. మోకాళ్ల మధ్య మాత్రమే పెడితే పాదం కిందికి వాలి తుంటి మళ్లీ మెలిపడుతుంది. పరుపు గట్టిగా ఉంటే దాని మీద రెండు బొంతలు మడిచి వేసుకోండి. నడుము నొప్పికి నేల మీద పడుకోవాలన్న సలహాను మీరు పాటించవద్దు, ఇప్పుడు మీ తుంటికి కావలసింది మెత్తదనం.

ఈ నొప్పికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోమని కొందరు చెబుతారు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో ఈ నొప్పి ఉన్న 204 మందిని మూడు బృందాలుగా విడదీశారు. ఎనిమిది వారాల తర్వాత బాగుపడ్డామని చెప్పినవారు సలహాలు, వ్యాయామం అందుకున్న బృందంలో నూటికి దాదాపు 77 మంది, ఇంజెక్షన్ వేయించుకున్న బృందంలో 58 మంది, ఊరికే వేచి చూసిన బృందంలో 29 మంది. ఏడాది తర్వాత అడిగినా వ్యాయామం చేసినవారే ముందున్నారు. నిద్ర పూర్తిగా కరువైనవారికి ఇంజెక్షన్ కొంతకాలం ఊరటనిస్తుందని ఒప్పుకుంటాను. కానీ షుగరు ఉన్నవారికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది కాబట్టి మీ విషయంలో దాన్ని మొదటి మెట్టుగా ఎంచుకోను.

రెండోది కూర్చుంటే వచ్చేది. పిరుదుల కింద నేలకు ఆనే రెండు ఎముకలు, వాటి వెనక తోక ఎముక, వాటి చుట్టూ ఉండే కొవ్వు మెత్తల మీద మనం కూర్చుంటాం. బరువు త్వరగా తగ్గినవారిలో ఆ మెత్తలు పలచబడి, ఎముక నేరుగా చెక్కకు తగులుతుంది. ఇందులో జబ్బేమీ లేదు. వెనక భాగంలో తోక ఎముక ఆనకుండా ఖాళీ వదిలిన దిండ్లు దొరుకుతాయి, దాన్ని బడికీ తీసుకెళ్లండి. నడిమధ్యలో గుండ్రటి రంధ్రం ఉండేవి తోక ఎముక నొప్పికి అంతగా పనికిరావు. లేచేటప్పుడు వెనక్కి వాలి లేవకుండా, ముందుకు వంగి, బరువు తొడల మీదికి తెచ్చుకుని లేవండి. అరగంటకోసారి రెండు నిమిషాలు లేచి నిలబడండి. పిరుదు కండ మళ్లీ పెరిగేకొద్దీ ఈ బాధ దానంతట అదే తగ్గుతుంది.

మూడోది నడుము. పొట్ట పెద్దదిగా ఉన్న ఏళ్లలో ఆ బరువుకు సరితూగడానికి మీరు తెలియకుండానే వెనక్కి వాలి, నడుమును లోపలికి వంచి నిలబడటం అలవాటు చేసుకున్నారు. పొట్ట తగ్గినా ఆ అలవాటు మిగిలే ఉంటుంది. వెన్నుకు అటూ ఇటూ ఉండే కండరాలు ఆహారం తగ్గించిన కాలంలో సన్నబడ్డాయి. నీరసించిన కండరాలు పాత భంగిమనే రోజంతా మోయవలసి రావడం వల్లే సాయంత్రానికి పట్టేస్తున్నాయి. ఉదయం బాగానే ఉండి సాయంత్రానికి పెరిగే నొప్పి చాలావరకు అలసటకు గుర్తు. అలా కాకుండా తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చి, లేచాక అరగంటకు పైగా బిగుసుకుపోయి, కదిలేకొద్దీ తేలికవుతూ ఉంటే అది కీళ్లవాతం తరహా నొప్పి కావచ్చు, దానికి రుమటాలజిస్టును కలవాలి. పొట్ట కింద వేలాడే వదులు చర్మం కూడా కొందరికి నడుమును ముందుకు లాగుతుంది. వారికి పొట్టను మెత్తగా ఎత్తి పట్టే బట్ట పట్టీ కొంత సాయపడుతుంది, కానీ దాన్ని పగలంతా బిగించి ఉంచకూడదు.

ఇక్కడ మీరు అడగని రెండు సంగతులు చెబుతాను, ఎందుకంటే బరువు తగ్గిన స్త్రీలలో వీటిని తరచూ చూస్తున్నాను. చీర కట్టేవారు లంగా బొందు బిగించే చోటు ఇంతకు ముందు కొవ్వు మీద ఉండేది. ఇప్పుడది నేరుగా నడుము ముందువైపు ఎముక అంచు మీద పడుతుంది. ఆ అంచు పక్క నుంచే తొడ బయటి వైపు చర్మానికి వెళ్లే నరం పోతుంది. అది నొక్కుకుంటే తొడ పక్కన మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండటం మొదలవుతాయి. దాన్ని నడుము నుంచి వచ్చిన నరం నొప్పి అనుకుని ఎమ్మారై దాకా వెళ్లినవారున్నారు. బొందు తీసి వెడల్పాటి ఎలాస్టిక్ వేయించుకోవడం వారికి చాలావరకు సరిపోతుంది. రెండోది మోకాలి బయటి పక్కన, మోకాలికి కొద్దిగా కింద తగిలే చిన్న ఎముక తల దగ్గర చుట్టుకుని వెళ్లే నరం. దానికి కాపుదలగా ఉన్న కొవ్వు తగ్గాక కాలు మీద కాలు వేసుకుని చాలాసేపు కూర్చున్నా, మఠం వేసుకుని గంటలు గంటలు పూజలో కూర్చున్నా, గొంతుక్కూర్చుని పని చేసినా ఆ నరం నలుగుతుంది. అప్పుడు పాదం పైకి లేవదు. నా దగ్గరికి వచ్చిన ఒక ఆమెకు మొదట తెలిసిన గుర్తు, నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు దానంతట అదే జారిపోయి వెనక ఉండిపోవడం. చెప్పు వదులైందనుకుని ఆమె కొత్తవి కొన్నది. అవీ జారిపోయాక గానీ పాదం సంగతి గమనించలేదు. ఇలాంటిది కనిపిస్తే ఆ రోజే డాక్టరును కలవండి, ఆలస్యం చేసేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది.

ఎముకలు గుల్లబారడం గురించి ఇంట్లోవాళ్లు పడే భయంలో కొంత నిజం ఉంది. బరువు తగ్గినప్పుడు తుంటి ఎముక సాంద్రత కొద్దిగా తగ్గుతుంది. బరువు తగ్గడానికి చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకున్నవారిలో ఇంకా ఎక్కువ తగ్గుతుంది. కానీ గుల్లబారిన ఎముక విరిగేదాకా నొప్పి పెట్టదు కాబట్టి మీ నొప్పికి అది కారణమని చెప్పలేం. విటమిన్ డి బాగా తగ్గి ఎముక మెత్తబడితే మాత్రం నొప్పి ఉంటుంది. తుంటి, తొడలు, నడుము అంతా మందంగా సలపడం, మెట్లెక్కడానికి బలం చాలకపోవడం దాని లక్షణాలు. మన దగ్గర ఎండ ఎంత ఉన్నా విటమిన్ డి లోపం చాలా మామూలు కాబట్టి విటమిన్ డి, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, బి12 పరీక్షలు ఒకసారి చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందు ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఉంది కాబట్టి మీ మాత్రల్లో అది ఉంటే ఆ పరీక్ష వదలవద్దు. లోపం ఉంటే వారానికోసారి 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి రాసిస్తారు. డాక్టరు చెప్పిన వారాలు అయ్యాక కూడా దాన్ని సొంతంగా కొనుక్కుని కొనసాగించకండి, మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇప్పుడు తిండి సంగతి. మీరు రాసిన రోజువారీ పట్టికలో పొద్దున్న రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కొద్దిగా అన్నం, కూర, మజ్జిగ, సాయంత్రం పండు ఉన్నాయి. అన్నం తగ్గించారు, దాని స్థానంలో మాంసకృత్తులేమీ చేరలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. బరువు తగ్గుతూ కండను కాపాడుకోవలసినవారికి సాధారణంగా 1.2 గ్రాములు, అంతకన్నా కొంచెం ఎక్కువే సూచిస్తాం. మీ 67 కిలోలకు అది దాదాపు 80 గ్రాములు. మీ పట్టిక నాకు అందులో సగం దాకా కూడా కనిపించడం లేదు. రెండు గుడ్లతో 12 గ్రాములు వస్తాయి, రెండు కప్పుల ముద్దపప్పుతో 16, గ్లాసు పాలతో 8, కప్పు గట్టి పెరుగుతో 7, గుప్పెడు వేరుశనగపప్పుతో 7, 100 గ్రాముల కోడిమాంసంతో 25 దాటి వస్తాయి. మాంసం తినని రోజు 50 గ్రాముల మీల్‌మేకర్ కూర అదే పని చేస్తుంది. పొద్దున్నే ఇడ్లీ బదులు పెసరట్టు, దానితో ఒక గుడ్డు తిన్నా మంచి మొదలే. రాత్రి భోజనం పూర్తిగా మానడం కంటే సాయంత్రం ఏడు లోపు కాస్త పప్పో పెరుగో తినడం మీకు మేలు. ఇదంతా మొదలుపెట్టే ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకుని డాక్టరుగారి అనుమతి తీసుకోండి. షుగరు వల్ల మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిని ఉంటే ఈ లెక్క మారుతుంది.

వ్యాయామం దగ్గరికి వస్తే, ముందు నడకను మూడు వారాలపాటు సగానికి తగ్గించండి. గంటన్నరను ఉదయం 20, సాయంత్రం 20 నిమిషాలుగా విడదీసి, చదును నేల మీద, అడుగు మందంగా ఉన్న మెత్తటి బూట్లతో నడవండి. ఆ తర్వాత వారానికి ఐదేసి నిమిషాలు కలుపుకోండి. మిగిలిన సమయాన్ని మూడు కదలికలకు ఇవ్వండి.

వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి, పిరుదులు బిగించి నడుమును నిదానంగా పైకెత్తి ఐదు లెక్కపెట్టేదాకా ఉంచి దించడం మొదటిది. నడుములో కాకుండా పిరుదుల్లో అలసట తెలిస్తే సరిగా చేస్తున్నట్టు. తొడ వెనక తిమ్మిరి పట్టినట్టు లాగితే పాదాలను పిరుదులకు ఇంకాస్త దగ్గరగా జరపండి. రెండోది కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, కూర్చునేటప్పుడు మూడు లెక్కపెడుతూ నిదానంగా దిగడం. కూలబడితే సగం ఫలితం పోతుంది. కుర్చీ మీద ముందుగా ఒక దిండు వేసి ఎత్తు పెంచుకుని, బలం వచ్చేకొద్దీ దిండు తీసేయండి. మూడోది వంటగట్టు పట్టుకుని నిలబడి, ఒక పాదాన్ని అంగుళం పైకెత్తి, నిలబడిన కాలి వైపు తుంటి పక్కకు జారకుండా పది సెకన్లు ఉంచడం. నడుము బొందు అడ్డంగా సమంగా ఉందా లేదా అద్దంలో చూసుకోండి. ఒక్కొక్కటి ఎనిమిది నుంచి పదిసార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు చేస్తే చాలు. నాలుగు వారాలకు తేలికనిపిస్తే చేతిలో రెండు లీటర్ల నీళ్ల సీసా పట్టుకుని చేయండి. భారం పెరగకపోతే కండ పెరగదు, చాలామంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు.

చేసేటప్పుడు పదికి మూడు నాలుగు దాకా నొప్పి ఉండి, మర్నాటి ఉదయానికి మామూలు స్థితికి వస్తే కంగారు పడనవసరం లేదు. రాత్రి నిద్ర చెడినా, మర్నాడు కుంటి నడక వచ్చినా చేసిన మోతాదు ఎక్కువైందని అర్థం, సగానికి తగ్గించండి, మానేయవద్దు. నిద్రలో తేడా ఆరు వారాలకు తెలియవచ్చు, బలం నిలదొక్కుకోవడానికి మూడు నెలలు పడుతుంది, తాడు పూర్తిగా కుదుటపడటానికి కొందరికి ఆరు నెలలు దాటుతుంది.

నొప్పి గజ్జలోకి దిగి, కాలు లోపలికి తిప్పితే గుచ్చినట్టు ఉండి, కుంటుతూ నడవవలసి వస్తే వ్యాయామం ఆపి ఎముకల డాక్టరును కలవండి. గతంలో స్టెరాయిడ్లు ఎక్కువ రోజులు వాడినవారిలో తుంటి బంతికి రక్తం అందక అది దెబ్బతినే జబ్బు రావచ్చు. మొదట్లో అది ఎక్స్‌రేలో కనిపించదు, ఎమ్మారైలోనే తెలుస్తుంది. కోవిడ్ సమయంలో స్టెరాయిడ్లు వాడి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మూత్రం ఆగిపోవడం గానీ తెలియకుండా పోవడం గానీ, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గడం, రెండు కాళ్లలో బలహీనత కనిపిస్తే అది అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లవలసిన విషయం.

ఈ రాత్రి నుంచే ఒక చిన్న పుస్తకంలో రెండు అంకెలు రాసుకోండి. రాత్రి తుంటి నొప్పితో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, అర నిమిషంలో చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలిగారు. మొదటిది రోజూ, రెండోది వారానికోసారి. ఆరు వారాల తర్వాత ఆ అంకెలు, పరీక్షల ఫలితాలు ఇక్కడే రాయండి, వాటిని చూసి తర్వాత ఏం మార్చాలో చెబుతాను.